పాప చెప్పిన ప్రార్థన అంశం

ఆ శుక్రవారం గృహ ప్రార్థన మా ఇంట్లో. ఆరున్నరకి మొదలవ్వాలి. నేను ఇల్లు చేరేసరికి రెండో పాట సగంలో ఉంది. గుమ్మం ముందు చెప్పుల మధ్య బురద బూట్లు విప్పి, ఎవరినీ తొక్కకుండా గోడవారగా వెళ్ళి కూర్చున్నాను. మా అత్తయ్య నా వంక చూడలేదు. మా పాప చూసింది. నా ముఖం కాదు, చేతిలో ఫోన్ ఉందా లేదా అని చూసింది.

నేను విద్యుత్ శాఖలో ఏఈని. నా పరిధిలో ఊళ్ళ కంటే రొయ్యల చెరువులే ఎక్కువ. చెరువులో నీళ్ళు చిలికే ఏరియేటర్లు ఆగిపోతే రొయ్యకి ఊపిరాడదు. జనరేటరు ఉన్న రైతు కాసేపు ఓపిక పడతాడు. లేనివాడు "మేడంగారండీ, గంట దాటితే సరుకంతా తేలిపోద్దండి" అని ఫోన్ చేస్తాడు. లైన్‌మెన్ ఉన్నారు కదా, నువ్వెందుకు పరిగెత్తడం అంటారు మా ఆయన. ఉన్నారు. కానీ స్తంభం ఎక్కిన మనిషి కిందికి దిగేవరకు ఆ తీగలోకి కరెంటు రాకుండా చూసుకోవలసిన మనిషిని నేను. ఆయనది కాకినాడలో ఆఫీసు పని. బస్సు దిగి ఇల్లు చేరేసరికి ఎనిమిదవుతుంది. ఐదేళ్ళ పాప మా అత్తయ్య చేతుల మీదే పెరుగుతోంది.

ఈ ఉద్యోగం కోసం మూడేళ్ళు చదివాను. ఆ మూడేళ్ళూ నా కోసం ప్రార్థన చేసింది ఆ సాయంత్రం మా ముందుగదిలో కూర్చున్న ఆడవాళ్ళే. ఉద్యోగం వచ్చిన వారం మందిరంలో నిలబడి, దేవుడు చేసిన మేలు ఇదని సాక్ష్యం చెప్పాను. అప్పటికి పాపకి ఏడాది నిండలేదు, నా చంకలోనే ఉంది. ఆ కథ తనకి ఎన్నిసార్లు చెప్పానో. జడ వేస్తూ, అన్నం పెడుతూ చెప్పేదాన్ని. అమ్మకి ఉద్యోగం లేదు, అందరూ కలిసి దేవుణ్ణి అడిగారు, దేవుడు ఇచ్చాడు.

పాటలయ్యాక, పాస్టరు గారి పక్కన కూర్చున్న పాస్టరమ్మగారు నోటుపుస్తకం తెరిచి, ప్రార్థన అంశాలు ఉన్నవాళ్ళు చెప్పమన్నారు. ఒకామెకి మోకాళ్ళ నొప్పి. ఒకామె కొడుకు డిప్లొమా పరీక్షలు రాశాడు. పక్కవీధి మామ్మగారు తన ఇంటి పరిస్థితి బాగుపడాలన్నారు. ఆవిడ భర్త తాగుడు గురించని అందరికీ తెలుసు. అప్పుడు పాప బడిలో ఎత్తినట్టు చెయ్యి ఎత్తింది.

"మా అమ్మ ఉద్యోగం పోవాలండి."

ముందు అందరూ నవ్వారు. పాప నవ్వలేదు. అది చూసి ఒక్కొక్కరే ఆపేశారు.

"అలా అనకూడదు తల్లీ," అన్నారు అమ్మగారు. "అమ్మకి సెలవులు దొరకాలని ప్రార్థన చేద్దామా?"

"సెలవు ఇస్తారండి. ఫోన్ వస్తే మళ్ళీ వెళ్ళిపోద్దండి." పాప అందరి వంకా చూసింది. "మీరందరూ అడిగితేనే వచ్చిందంటండి. మీరే మళ్ళీ అడగండి."

అమ్మగారు పెన్ను మూత తీసి, రాయకుండా అలాగే పట్టుకున్నారు. "పిల్లని చూసి నేర్చుకోవాలమ్మా," అన్నారు మామ్మగారు. "నేను పదేళ్ళ నుంచీ పరిస్థితి, పరిస్థితి అంటున్నాను." ఈసారి ఎవరూ నవ్వలేదు.

పాస్టరు గారు కళ్ళు మూసుకుని అన్నీ వరసగా దేవుడికి అప్పగించారు. మోకాళ్ళు, పరీక్షలు, పరిస్థితి. చివర్లో, "ఈ చిన్నబిడ్డ హృదయం నీకు తెలుసు తండ్రీ," అన్నారు. అందరూ ఆమేన్ అన్నారు. పాప ఒక కన్ను తెరిచి నా నోటి వంక చూస్తోంది. నేను పెదవులు కదిపాను. ఆమేన్ అనలేదు.

తర్వాత వంటింట్లో టీ గ్లాసులు సర్దుతుంటే, "నేను నేర్పలేదమ్మా," అంది అత్తయ్య, నా వైపు తిరక్కుండానే. తెలుసు అత్తయ్యా అన్నాను. ఆ సాక్ష్యం కథ చెప్పి చెప్పి నేర్పింది నేనే.

ఆ రాత్రి ఫోన్ రాలేదు. శనివారమూ రాలేదు. గాలీ వానా లేక లైన్లు ప్రశాంతంగా ఉన్నాయి, అంతే. ఆదివారం మందిరం నుంచి వచ్చి కోడికూర తింటుంటే, "పోయిందా అమ్మా?" అని అడిగింది పాప. ఏమిటి అని నేను అడగనక్కర్లేదు. మా ఆఫీసువాళ్ళింకా ఏమీ చెప్పలేదమ్మా అని తేలిగ్గా అనేశాను. అలా అనకుండా ఉండవలసింది. ఆ మధ్యాహ్నమంతా తను వార్త కోసం ఎదురుచూస్తున్నట్టు నా చుట్టూనే తిరిగింది.

సాయంత్రం గాలి లేచింది. కొబ్బరిమట్ట తీగ మీద పడి రెండు ఊళ్ళ చెరువులకి కరెంటు పోయింది. నేను బూట్లు వేసుకుంటుంటే పాప గుమ్మం దగ్గరికి వచ్చింది. ఏడవలేదు. ఏడుస్తుందనుకుని ఏం చెప్పాలో సిద్ధం చేసుకున్నాను.

"నీ ఉద్యోగం ఉండాలని వేరేవాళ్ళెవరైనా ప్రార్థన చేస్తున్నారా అమ్మా?"

చేస్తున్నారు. రోజూ పొద్దున్న, తను లేవకముందు, నేనే చేస్తున్నాను. ఇంటి ఖర్చుల కోసమని చెప్పుకుంటే సులువుగా ఉంటుంది. కానీ లైను సరయ్యాక చెరువులన్నిటిలో ఒక్కసారిగా ఏరియేటర్లు తిరగడం మొదలై, నీళ్ళు తెల్లగా లేస్తాయి. గట్టు మీద నిలబడి అది చూడటం నాకు ఇష్టం. ఆ ఇష్టం పోవాలని కోరుకోవడం నాకు చేతకావడం లేదు. ఐదేళ్ళ పిల్లకి అది ఎలా చెప్పాలి?

వచ్చాక చెప్తానమ్మా అన్నాను. వచ్చేసరికి నిద్రపోయింది. మర్నాడు తను అడగలేదు, నేను చెప్పలేదు.

మొన్న శుక్రవారం ప్రార్థన కూడిక వేరేవాళ్ళింట్లో జరిగింది. నీకేమైనా అంశం ఉందా తల్లీ అని అమ్మగారు తనంతట తానే అడిగారు. పాప తల అడ్డంగా ఊపింది. అయితే ఈమధ్య అన్నం ముందు తన ప్రార్థన పొడుగైంది. కళ్ళు గట్టిగా మూసుకుంటుంది, పెదవులు కదులుతుంటాయి, మాట బయటికి రాదు. చారు చల్లారిపోతుంది. త్వరగా కానివ్వమని మా అత్తయ్య కూడా అనడం లేదు. నేను ఎదురుగా కూర్చుని తన పెదవులు చూస్తుంటాను. అడిగితే చెప్తుంది. ఇప్పటికి మూడు వారాలైంది, అడగలేకపోతున్నాను.