భక్తవత్సలం ఇంటి వేలుపు వేట

మద్రాసు వాషర్‌మెన్‌పేట్‌లో మా సందు సంగతులు నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియవు. నేను బడి మానేసిన రోజు మా హెడ్మాస్టరు దిష్టి తీయించుకుని బడికి సెలవిచ్చాడని చెప్పుకుంటారు. చెప్పింది నేనే అయినా, చెప్పుకునేది మాత్రం అందరూ. ఇప్పుడు వ్యాను తోలుతున్నాను. పక్కింటి భక్తవత్సలం పుణ్యమా అని లైబ్రరీల గుమ్మాలు కూడా చూశాను, బయటినుంచే.

టెలిఫోన్ల ఆఫీసులో లైన్లు చూసి రిటైరయిన మనిషి భక్తవత్సలం. వాళ్ల వంశం ఈ ఊరికొచ్చి ఎన్ని తరాలైందో వాళ్లకే తెలియదు. ఇంటి దేవత అంకమ్మ అని తెలుసు, ఏ ఊరి అంకమ్మో తెలియదు. తండ్రీ తాతా ఆయన చిన్నప్పుడే పోయారు. మనవడు యువరాజ్ పుట్టు వెంట్రుకలు ఆ అంకమ్మ దగ్గరే తీయించాలని ఆయన పట్టు. మూడో ఏడు దాటకూడదని కోడలు రంజని తొందర. ఆ జుట్టు చూసి సిటీ బస్సు కండక్టరు వాడికి ఆడవాళ్ల ఉచిత టిక్కెట్టు ఇచ్చేశాడు. ఇది నేను చూడలేదు, పుట్టించాను కాబట్టి నమ్మొచ్చు.

అంకమ్మ కోసం ఆయన తాటాకు ప్రతులుండే లైబ్రరీ పట్టాడు. అక్కడ ఒక గుడి కానుకల తాటాకుల్లో ఒక వాక్యం దొరికింది: వికారి నామ సంవత్సరంలో చెన్నపట్నం వరదయ్య మనవడి పుట్టు వెంట్రుకలు తీయించి అంకమ్మకు గంట ఇచ్చాడు. ఊరిపేరున్న కొసను పురుగు తినేసింది.

వరదయ్య అంటే ఆయన తాత పేరు. పందొమ్మిదివందల యాభైతొమ్మిది వికారి. అప్పటికి ఈయన పాలు మానని బిడ్డ.

"ఆ మనవణ్ణి నేనే, పా" అని అరవ పలుకు కలిపి నా భుజం చరిచాడు. "నా తలకాయ సంగతి లైబ్రరీలో ఉంది చూడు."

"మీ తలకాయలో లేంది ఆడన్నా ఉందిలే" అన్నాను.

ఇక ఊరు తేలాలి. జార్జి టౌన్‌లో వాళ్ల కులసంఘం గదిలో పాత మాసపత్రికలు బైండు కట్టి ఉన్నాయి. పెళ్లిళ్లు, సీమంతాలు, చావులు అన్నీ అందులో వేసేవాళ్లు. ఆ ఏటి సంచికలు తిరగేస్తే దొరకనే దొరికింది: వరదయ్యగారు మనవని తల వెంట్రుకలను కాళహస్తి దారిలోని ముళ్లగుంట అంకమ్మకు సమర్పించిరి. మద్రాసుకొచ్చాక ఇంటిపేర్లు రాయడం మానేసిన జనం కదా, వట్టి వరదయ్యగారనే వేశారు. భక్తవత్సలానికీ అంతకంటే అవసరం పడలేదు.

ఆదివారం వ్యాను కట్టాను. బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకోవాల్సిన మేనమామ విఘ్నేష్ బెంగుళూరు నుంచి ఒక్కరోజు సెలవు మీద వచ్చాడు. రంజని మొగుడు ముందు సీట్లో నిద్రపోయాడు.

ముళ్లగుంటలో గుడి తాళంచెవి చెంగమ్మ అనే ముసలామె దగ్గరుంది. ఆమె తలుపు తీస్తూ అడిగింది, "మీ ఇంటిపేరేంది నాయనా?"

"ఇలుపూరోళ్లం."

"ఇది ఓడూరోళ్ల గుడి గదా. మీరెందుకొచ్చినారు?"

భక్తవత్సలం మాసపత్రిక జిరాక్సు చదివి వినిపించాడు. చెంగమ్మ నింపాదిగా వింది.

"ఆ వరదయ్య మా ఆయనకు తాత. ఆ మనవడు అదో, ఆడ కూర్చోనుండాడు."

అరుగు మీదున్న ముసలాయన పేరు గోపాలస్వామి. తల నున్నగా గాజుబుడ్డిలా ఉంది. విషయం విని నెత్తి తడుముకున్నాడు.

"నా ఎంటికలు ఎతుక్కుంటా మద్రాసు నుంచి వచ్చినావా? నాకే కనపడక చానా కాలమయిందే."

విఘ్నేష్ నవ్వు ఆపుకోలేక గుడి వెనక్కి పోయాడు. రంజని నవ్వలేదు.

"మామా, యాభైతొమ్మిదిలో తాటాకు మీద ఎవరు రాస్తారు? ఆ వికారి అరవై ఏళ్లు ముందుది కాదా?"

భక్తవత్సలం వేళ్లు మడిచి లెక్కేశాడు. అరవై ఏళ్లకోసారి అవే పేర్లు తిరిగొస్తాయి. తాతల పేర్లు మనవళ్లకూ తిరిగొస్తాయి. ఆ గంట ఇచ్చింది ఆయన తాతకు తాత అయ్యుండాలి. మొదటి వికారి వరదయ్యను పట్టుకుని రెండో వికారిలో వెతికాడు. పత్రికలో దొరికింది వేరే ఇంటి వరదయ్య.

"ఈడనే తీయించుకోండి నాయనా, అమ్మ ఏమీ అనుకోదు" అంది చెంగమ్మ.

"మా అమ్మ అనుకుంటుంది గదమ్మా" అన్నాడు ఆయన.

"ఇక తిరుపతే మామా" అంది రంజని. "విఘ్నేష్ రాత్రికి బండెక్కాలి. కొండమీది దేవుడు ఎవరింటిపేరూ అడగడు."

వేలుపు తెలియని వాళ్లందరూ పోయేది అక్కడికే. భక్తవత్సలం ఇన్నాళ్లూ వద్దన్నదీ అదే. ఒకసారి గుడి గంటను చూసి, వచ్చి వ్యానెక్కాడు.

"తిరుపతికి పోనీ పా."

రేణిగుంట దాటాక రంజని సంచిలోంచి చిన్న కత్తెర అడిగి తీసుకున్నాడు. నిద్రపోతున్న యువరాజ్ చెవి వెనక ఒక కుచ్చు కత్తిరించి, పసుపు గుడ్డలో ముడేశాడు.

"మొక్కింది దేవుడికియ్యకుండా దాస్తారా?" అంది రంజని.

"ఆయనకు తలంతా ఉంది. ఇది ఆయమ్మది."

కొండమీద మిగతా జుట్టంతా తీశారు. గుండు మీద గంధం పూస్తే బిడ్డ విఘ్నేష్ చొక్కాకు తల రుద్దుకున్నాడు.

మరుసటి సోమవారం భక్తవత్సలం చొక్కా జేబులో పసుపు ముడి పెట్టుకుని లైబ్రరీకి పోయాడు. ఈసారి పద్దెనిమిదివందల తొంభైతొమ్మిది నాటి తాటాకులు అడిగాడు.