సోమవారానికి మారిన పుట్టుక

నాగావ్‌లో సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడులో పెరిగిన దీపాలి అక్కడి బడిలోనే సైన్సు టీచరు. ఆమెకు ముక్కు మీదే కోపం. ఓడలో లోకమంతా తిరిగి, జీవులు ఎలా మారుతూ వచ్చాయో రాసిన ప్రకృతి శాస్త్రవేత్త పాఠమంటే మాత్రం ఆమెకు ప్రాణం.

ఆ పాఠం ఆమె దగ్గరే విన్న పంకజ్ ఇప్పుడు సాంచాల సేఠ్. ఆదివారం మార్కండేయ జయంతి ఊరేగింపులో మైకు పట్టుకుని, పద్మశాలీలమంతా ఆ ఋషి సంతానమే, ఒకే కుటుంబమన్నాడు. సోమవారం కొత్త యంత్రాలు దింపి, తన దగ్గర సాంచాలు నడిపే దీపాలి తండ్రి హనుమాండ్లును పని మాన్పించాడు. ఆమె బడి నుంచి నేరుగా కార్ఖానాకు వెళ్లి నిలదీసింది.

“నేనేం జేయాలె టీచర్? బలమున్నదే బతుకుతదని మీరే చెప్పిన్రు గద,” అన్నాడు పంకజ్.

“నేను గట్ల చెప్పలే. పిట్టల ముక్కులు ఎట్ల మారినయో ఆయన రాసిండు. ఎవల్ని పనిలకెల్లి తియ్యాల్నో రాయలే. జీవులన్నిటిదీ ఒక్కటే పుట్టుకని గూడ రాసిండు, అది నీకు యాదికి లేదు. ఋషి లెక్కన జూసినా, సైన్సు లెక్కన జూసినా మా బాపు నీకు చుట్టమే. చుట్టాన్ని ఎల్లగొట్టింది నువ్వు. గా మాట నీ నోటితోని చెప్పు, నా పాఠం మీదికి తొయ్యకు.”