మేస్త్రి చేతులు చాపితే

జగ్గారావు బాబాయ్ మా షాపుకి మొదటిసారి వచ్చిన రోజు, దారి తప్పి వచ్చాడనుకున్నాను. వన్ టౌన్‌లో తాళ్లూ టార్పాలిన్లూ అమ్మే హోల్‌సేల్ కొట్టు మీది మేడలో ఉంది మా గేమ్ పార్లర్. కింద కొట్టుకి రావలసినవాళ్లు ఒక్కోసారి చూసుకోకుండా మెట్లెక్కేస్తుంటారు. ఆయనకి యాభై దాటి ఉంటాయి. ఖాకీ ప్యాంటు, చేతిలో టిఫిన్ క్యారేజీ. తాళ్లు కింద అమ్ముతారని చెబుదామని నేను మాట కూడగట్టుకునేలోపే ఆయన చెప్పులు గుమ్మం బయట విప్పి లోపలికొచ్చి, "మేస్త్రి ఉన్నాడేటమ్మా?" అని అడిగాడు.

మేస్త్రి మనిషి కాదు. ఒక ఆటలో కోట గుమ్మం ముందు కాపలా కాసే రాక్షసుడు. చేతిలో లంగరంత గొడ్డలి ఉంటుంది. వాడికి ఇంగ్లీషులో ఏదో పొడుగాటి పేరుంది గానీ మా షాపులో ఎవరికీ నోరు తిరగదు. వచ్చినవాడి చేత చెమటలు కక్కేలా పని చేయించి, సాయంత్రమైనా ఇంటికి పోనివ్వడు కాబట్టి కుర్రాళ్లు మేస్త్రి అని పెట్టారు. ఉన్నాడన్నట్టు తలూపి మూడో నంబరు టీవీ చూపించాను.

మా షాపులో టీవీలు నాలుగు. ఓనరు నాగవంశీ. నేను ఇంటర్ మొదటి సంవత్సరం సగంలో ఆపేసి ఇక్కడ చేరాను. ఎవరు ఎప్పుడు కూర్చున్నారో రాసుకోవడం, కంట్రోలర్లు చార్జింగ్ పెట్టడం, కింద నుంచి టీ తేవడం నా పని. నోరు తెరవాల్సిన అవసరం తక్కువ కాబట్టి నాకు కుదిరింది. మిగతా టైమంతా కూర్చుని ఆడేవాళ్లని చూస్తాను.

ఆ రోజు బాబాయ్ కూర్చున్న తీరు చూసి షాపంతా ఆగిపోయింది. ముందు జేబురుమాలుతో టీవీ అద్దం తుడిచాడు. తర్వాత కుర్చీ అంచుకి జరిగి, మోకాళ్లు ఎడంగా పెట్టి, తల పూర్తిగా కిందికి వంచి నేలకేసి చూశాడు. కాసేపటికి నాగవంశీని పిలిచి, టీవీని దింపి నేల మీద పడుకోబెట్టడం కుదురుతుందా అని మర్యాదగా అడిగాడు.

ఆయన పోర్టులో క్రేన్ ఆపరేటర్. కూర్చునే గది పైన ఎక్కడో వేలాడుతూ ఉంటుందట. దాని నేల అద్దం. ఇరవై ఆరేళ్లుగా పాదాల సందులోంచి కిందికి చూస్తూ ఓడల్లోంచి ఇనుప చుట్టలు దించుతున్నాడు. పని అంటే తల వంచడమే ఆయనకి. టీవీని నేల మీద పడుకోబెట్టడం కుదరలేదు గానీ, బల్ల తీసేసి పీట మీద పెట్టాడు నాగవంశీ. దాంతో కొంత సర్దుకున్నాడు.

ఆయనకి ఈ వయసులో మేస్త్రితో పనేమిటో రెండో వారానికి గానీ తెలియలేదు. వాళ్ల దగ్గరికి కొత్త క్రేన్లు వస్తున్నాయట. వాటిలో మనిషి పైకెక్కి కూర్చునే పనిలేదు. దూరంగా ఏసీ గదిలో కుర్చీ, ఎదురుగా టీవీలు, చేతికి రెండు పిడులు. అక్కడికి వెళ్లాలనుకున్నవాళ్లు నెలాఖరు శనివారం సాయంత్రం ఐదులోపు ఫారం ఇవ్వాలి. ఇచ్చినవాళ్లకి పరీక్ష ఉంటుంది. ఇవ్వనివాళ్లని కింద లారీల నంబర్లు రాసుకునే పనిలో వేస్తారు. ఫారం ఆయన చొక్కా జేబులో నాలుగు మడతల మీద ఉంది. సంతకం మాత్రం పెట్టలేదు. కారణం మేనల్లుడు సందీప్, సెలవురోజుల్లో మా షాపులో ఆడి వెళ్లేవాడే. అదే క్రేన్ మీద వేరే షిఫ్టులో చేస్తాడు. మావయ్యా, నీ చెయ్యి నెమ్మదించిపోయింది, ఆ గదిలో నువ్వు పనికిరావు, నమ్మకపోతే మేస్త్రిని కొట్టి చూపించు అన్నాడట. పెళ్లి భోజనాల దగ్గర, అందరి ముందూ.

అందుకని ఉదయం షిఫ్టు దిగి మూడు గంటలకల్లా వచ్చేసేవాడు. ఇంట్లో కనకరత్నం పిన్నికి కంప్యూటర్ క్లాసని చెప్పాడు. ఆవిడ కోటవీధి అంతా చెప్పుకుంది. ఒకరోజు ఆ వీధి ఆయన ఎవరో మా మెట్ల మీద కనబడి, ఇక్కడ ట్యాలీ కూడా నేర్పిస్తారా అని నన్నడిగాడు.

ఇక ఆట గురించి చెప్పాలి. మేస్త్రికి మూడు దెబ్బలు. మొదటిది అడ్డంగా, రెండోది నిలువుగా. మూడోదానికి గొడ్డలి పైకెత్తి, ఒక ఊపిరి సేపు ఆపుతాడు. మా కుర్రాళ్లు చాలామంది అక్కడే పోతారు. కొడతాడేమోనని ముందే పక్కకి దొర్లి, లేచే సమయానికి సరిగ్గా దెబ్బకింద ఉంటారు. ఆ ఊపిరి ఆగి దొర్లితే గొడ్డలి నేలలో దిగబడుతుంది. వాడు దాన్ని పీక్కునేలోపు రెండు దెబ్బలు వెయ్యొచ్చు. మూడో దెబ్బ కూడా వేద్దామని ఆశపడ్డవాడికి తప్పించుకునే దారి లేదు. పైన మూలలో పచ్చగీత ఒకటుంటుంది, మన వాడి దమ్ము అది. దొర్లినా కొట్టినా తరుగుతుంది, అయిపోతే కాళ్లు కదలవు.

బాబాయ్ ఒక్క దెబ్బే వేసేవాడు. వేసి మూడడుగులు వెనక్కి. పచ్చగీత ఏ రోజూ సగానికి కిందికి దిగనివ్వలేదు. తాడు మోయగలిగినంతా ఎత్తకూడదు అనేవాడు. కుర్రాళ్లు మేస్త్రితో మూడు నిమిషాల్లో అటో ఇటో తేల్చుకుంటారు. ఈయనకి అరగంట పట్టేది. ఒక దెబ్బ కూడా తగిలేది కాదు. మేస్త్రికి విసుగొచ్చి ఉద్యోగం మానేస్తాడని నాగవంశీ అనేవాడు. పక్క టీవీ వాళ్లు తమ ఆట ఆపి వచ్చి చూసి, పది నిమిషాలకి ఆవులించి వెళ్లిపోయేవాళ్లు.

మేస్త్రి ప్రాణం సగానికి రాగానే పద్ధతి మారుతుంది. గొడ్డలి అవతల పారేసి, రెండు చేతులూ పక్కలకి బారచాపి, ఒక్క గెంతున మీద పడతాడు. అప్పుడు వెనక్కి పారిపోకూడదు. వాడికిందకే ముందుకి దొర్లాలి. చిన్నపిల్లలు కూడా నాలుగైదుసార్లలో నేర్చుకుంటారు. బాబాయ్ మాత్రం మేస్త్రి చేతులు చాపగానే బొమ్మలా నిలబడిపోయేవాడు. ముప్పై ఒక్కసార్లు చచ్చిపోయాడు, అన్నీ అక్కడే. వచ్చిన రోజులు రాసుకునే పుస్తకంలోనే మార్జిన్‌లో గీతలు పెట్టాను కాబట్టి లెక్క తప్పదు.

"వాడు సేతులు సాపితే కావలించుకుందామని ఆగిపోతన్నావా ఏటి బాబాయ్," అన్నాడు నాగవంశీ.

బాబాయ్ నవ్వేవాడు గానీ, ఆట అయ్యాక తన బొటనవేళ్లని చూసుకునేవాడు. సందీప్ మాట నిజమేమోనని ఆయనకి నమ్మకం కుదిరిపోతోందని నాకు తెలుస్తూనే ఉంది. నెలాఖరు శనివారానికి ఇంకా ఐదు రోజులున్నాయి.

ఆ సోమవారం ఆయనతోపాటు దొరబాబు గారు వచ్చారు. క్రేన్ కింద నిలబడి చేతులతో సైగ చేసేది ఆయనే. పద్దెనిమిదేళ్లుగా బాబాయ్ పైనా ఈయన కిందా. అంతదూరంలో మాట వినబడదు కాబట్టి వాళ్ల స్నేహమంతా సైగలే. పక్కపక్కన కూర్చున్నా సగం చేతులతోనే మాట్లాడుకుంటున్నారు. నేను టీ తెచ్చి ఇచ్చాను. బాబాయ్ గ్లాసు నోటిదాకా ఎత్తాడు. దొరబాబు గారు నాకు కన్ను గీటి, రెండు చేతులూ పక్కలకి చాపారు.

గ్లాసు ఉన్నచోట ఆగిపోయింది. పెదవికి బెత్తెడు దూరంలో, ఒక చుక్క తొణకకుండా. ఆయన చేతులు దించాకే బాబాయ్ టీ తాగాడు. తను ఆగినట్టు కూడా ఆయనకి తెలియదు. దొరబాబు గారు మాత్రం ఇది పాత సరదా అన్నట్టు తలుపు వైపు చూస్తూ నవ్వుకుంటున్నారు.

నేను కౌంటర్ దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. చెప్పాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. షాపులో ఎనిమిదిమంది మగవాళ్లున్నారు. నాకు ఆట గురించి ఏం తెలుసని అంటారు, నేను ఒక్కసారి కూడా కంట్రోలర్ పట్టి ఆడలేదు. ఈలోపు మేస్త్రి ప్రాణం సగానికొచ్చింది, చేతులు చాపాడు, ముప్పై రెండోసారి. బాబాయ్ కంట్రోలర్ పక్కన పెట్టి జేబులోంచి ఫారం తీశాడు. చింపేస్తాడేమో అనిపించింది.

"బాబాయ్, మీ సెయ్యి నెమ్మది కాదు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "వాడు సేతులు సాపితే మీరు ఆపేస్తన్నారు. ఇందాక దొరబాబు గారు సాపితే టీ గ్లాసు ఆపినట్టు."

దొరబాబు గారి నవ్వు ముందు మొదలైంది, తర్వాత కళ్లు తుడుచుకున్నారు. రెండు చేతులూ అలా చాపితే, ఉన్నది ఉన్నట్టు ఆపెయ్యమని అర్థమట. మిగతా సైగలు ఆయన ఒక్కరు చేస్తేనే చెల్లుతాయి. ఇది మాత్రం ఎవరు చేసినా ఆపాలి. దారిన పోయేవాడు చేసినా, చిన్నపిల్లాడు చేసినా. ఆరేళ్ల కిందట ఒక టీ అమ్మేవాడు చేతులు చాపితే బాబాయ్ ఇనుప చుట్టని గాలిలో ఆపేశాడు. కట్టిన తీగ అప్పటికే సగం తెగి ఉంది, దాని కిందకి ఒక మనిషి వంగి వెళుతున్నాడు. అవి బాబాయ్‌కి పైనుంచి కనబడవు. టీ అమ్మేవాడికి కనబడ్డాయి.

నాగవంశీకి నమ్మకం కలగలేదు. బాబాయ్‌ని చిన్న చిన్న సైనికుల మీదికి పంపించి, మధ్యలో టీవీ పక్కన నిలబడి హఠాత్తుగా చేతులు చాపాడు. కంట్రోలర్ మీంచి వేళ్లు లేచిపోయాయి. నలుగురు పొట్టి సైనికులు వచ్చి బాబాయ్‌ని పొడిచేశారు. ఆ తర్వాత షాపులో ప్రతివాడూ ఒకసారి చేతులు చాపి చూశాడు. ఆ పూట ఆట సాగలేదు.

దొరబాబు గారు ఒక ఉపాయం చెప్పారు. రోజూ ఎదురుగా కూర్చుని తాను చేతులు చాపుతూనే ఉంటానని, బాబాయ్ ఆగకుండా ఆడుతూ ఉంటే నాలుగు రోజుల్లో అలవాటు వదులుతుందని. అప్పటిదాకా నవ్వుతున్న బాబాయ్ ముఖం మారింది.

"అది మాన్పించీకు బావా. ఈ ఎదవ మేస్త్రి కోసం మానేత్తే, రేపు నిజంగా ఎవుడైనా సెయ్యి సాపినప్పుడు ఏటి సేత్తాను?"

చేతులు చూస్తే ఆగాలి, ఆగితే మేస్త్రి చంపుతాడు.

నాకు తట్టింది ఇంకోటి. నా కౌంటర్ నుంచి మూడో నంబరు టీవీ పూర్తిగా కనబడదు. ముందున్న కుర్చీలూ తలలూ అడ్డం, పీట మీద పెట్టాక మరీను. తలలు పైసగాన్ని కప్పేస్తే, కుర్చీల సందులోంచి కిందిసగమే కనబడుతుంది. కాబట్టి నాకు బాగా తెలిసింది మేస్త్రి కాళ్లే. గెంతే ముందు వాడి ఎడమ మడమ లేస్తుంది. మొదటి దెబ్బకి కుడికాలు ముందుకి, రెండోదానికి రెండు కాళ్లూ దగ్గరికి. ముఖం ఎలా ఉంటుందో టీ ఇవ్వడానికి వెళ్లినప్పుడు చూడడమే. ఆ సంగతి ఈసారి నాగవంశీతో మెల్లగా చెప్పాను, అతను గట్టిగా అందరికీ చెప్పాడు.

మర్నాడు బాబాయ్ ఇంటి నుంచి తువ్వాలు తెచ్చాడు. టీవీ పైసగం మీద దాన్ని పరిచి, జారకుండా రెండువైపులా బట్టల క్లిప్పులు పెట్టాడు. తల వంచాడు. ఇప్పుడాయనకి నిజంగా పాదాల సందులోంచి చూసినట్టే ఉంది. పచ్చగీత కనబడదు కదా అంటే, అది లెక్క కట్టుకుంటాలే అన్నాడు. మొదటి రెండు రోజులూ మడమ లేవడాన్ని గుర్తుపట్టడానికే సరిపోయాయి. ఇంకో రోజు షిఫ్టు మారి రాలేకపోయాడు.

శుక్రవారం నాలుగింటికి షాపులో మిగతా టీవీలేవీ ఆడలేదు. అందరూ మూడో నంబరు వెనకే నిలబడ్డారు. ఒక దెబ్బ, మూడడుగులు వెనక్కి. ఇరవై నిమిషాలైనా ఎవరూ ఆవులించలేదు. ఎడమ మడమ లేచింది. బాబాయ్ ముందుకి దొర్లాడు. మేస్త్రి ఆయన మీదుగా అవతల పడ్డాడు, లేచేలోపు వెనకనుంచి కొట్టాడు బాబాయ్. మళ్లీ లేచింది, మళ్లీ దొర్లాడు. ఆరోసారి మేస్త్రి మోకాళ్ల మీద కూలి, ముందుకి బోర్లా పడ్డాడు. తువ్వాలు కింద నుంచి వాడి తల నిదానంగా బాబాయ్ సగంలోకి దిగింది. "ఓహో, మీసాలున్నాయేటి ఈడికి," అన్నాడు బాబాయ్, ఇన్నాళ్లూ వాడి గొడ్డలీ చేతులే తప్ప ముఖం చూడనట్టు.

అందరికీ టీలు తెప్పించాడు. దొరబాబు గారు ఫారం తియ్యమన్నారు. బాబాయ్ గ్లాసు కింద పెట్టి, సగం మూసి కొడితే కొట్టినట్టా అన్నాడు. ఆ గదిలో టీవీలకి తువ్వాళ్లు కప్పనిస్తారా అని అడిగాడు. ఎంత చెప్పినా వినకుండా వెళ్లిపోయాడు.

శనివారం మూడున్నరకి ఒక్కడే వచ్చాడు. తువ్వాలు తేలేదు. కూర్చుని అద్దం తుడుచుకుని మొదలుపెట్టాడు. నేను కౌంటర్ వదిలి వెనక నిలబడ్డాను. ఎప్పటిలాగే ఒక్క దెబ్బ తగలనివ్వకుండా సగందాకా తెచ్చాడు. మేస్త్రి గొడ్డలి పారేసి చేతులు చాపాడు. బాబాయ్ వేళ్లు లేచాయి. ఆట అయిపోయింది.

ఆయన కదలలేదు. వేళ్లు అలా గాలిలోనే ఉంచి వాటికేసి చూస్తున్నాడు.

"సూసావా పాపా," అన్నాడు. "ఎంత బేగి లేసాయో. వాడి సేతులు పూర్తిగా సాగనేదు, ఇవి లేసిపోనాయి. నెమ్మదించిన సెయ్యి అంత బేగి ఆగుద్దేటి?"

పెన్ను అడిగాడు. ఫారం కౌంటర్ మీద పరిచి, తన రాత ఎవరికీ అర్థం కాదని నన్నే నింపమన్నాడు. తెలుగులో రాయొచ్చని కింద ఉంది. పేరు, వయసు, ఎన్నేళ్ల సర్వీసు, అన్నీ ఆయన చెబుతుంటే రాశాను. చివర్లో ఒక గడి ఉంది. ఇలాంటి యంత్రం మీద ఇంతకుముందు అనుభవం ఉంటే రాయాలి. అది వదిలెయ్యమన్నాడు నాగవంశీ. బాబాయ్ ఒప్పుకోలేదు, అడిగినప్పుడు చెప్పాలి అన్నాడు. నా పుస్తకం తెరిపించి మార్జిన్‌లో గీతలు లెక్కపెట్టించాడు. తర్వాత ఒక్కో మాటా ఆపి ఆపి చెప్పాడు, నేను అలాగే రాశాను. "మూడు వారాలు. ముప్పై ఆరుసార్లు ఓడిపోయాను. ఒకసారి నెగ్గాను, సగం మూసి."

చదివి చూసుకుని, కింద సంతకం పెట్టి, నాలుగు ఇరవైకి మెట్లు దిగి వెళ్లాడు.