పంక్చర్ అంగట్లో బంగారు గుడ్లగూబ

మా జమ్మలమడుగులో అల్లాబక్ష్ మామకు తెలియని టైరు లేదు. ముద్దనూరు రోడ్డులో బస్సులు వేగం తగ్గించే మలుపు దగ్గర ఆయన పంక్చర్ అంగడి. బండి ఇంకా కిలోమీటరు దూరంలో ఉండగానే, "వెనక చక్రం, ఎడమ పక్క. మేకు కాదు, గాజుపెంకు" అని చెప్పేస్తాడు. నమ్మకపోతే మీ ఇష్టం. ఇంటర్ రెండో ఏడాది మధ్యలో నేను కాలేజీకి సెలవు ఇచ్చాను. మానేశాననేది మా లెక్చరర్లు పుట్టించిన పుకారు. అప్పటినుంచి ఆ అంగడి ముందు బల్ల మీదే నా కాపురం గనక, కళ్ళారా చూసిందే రాస్తున్నాను. గాలి కొట్టే అంగడి గురించి రాసేటప్పుడు మాటల్లో కొంచెం గాలి ఉంటుంది. ఆ గుడ్లగూబ సంగతిలో మాత్రం పెంచడానికి నాకే ధైర్యం చాలలేదు.

మామ పదకొండేళ్ళు కువైట్‌లో ఒక ఇంటికి డ్రైవరుగా చేశాడు. ఆ ఇంటి వంటగదిలో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఒకాయన ఉండేవాడు. మామ ఆయన్ని కూయా అని పిలిచేవాడు. వాళ్ళ భాషలో అన్న అని అర్థమట. ఇద్దరికీ కలిసిన భాష లేదు. వచ్చీరాని అరబ్బీ సగం, సైగలు సగం. శుక్రవారం మధ్యాహ్నాలు యజమానులు నిద్రపోతే, డ్రైవరు గదిలో చాప మీద కూయా ఒక పేకాట పరిచేవాడు. మన పేకాట కాదు. అందులో రాజులు, జాకీలు ఉండరు. రెక్కల పాములు, మాట్లాడే కొండలు, మంత్రగత్తెలు, కాలిపోయే కోటలు ఉంటాయి. ఒక్కొక్కరికి నలభై కార్డులు, ఇరవై ప్రాణాలు. నీ జంతువును నా కోట మీదికి తోలతావు, నేను మంత్రంతో ఆపుతాను. ప్రాణాలన్నీ పోయినవాడు ఓడినట్టు. తెలుగు తప్ప ఏమీ చదవలేని మామ, కార్డుల మీది ఇంగ్లీషును బొమ్మల గుర్తులతోనే పట్టేసి, పదకొండేళ్ళలో ఎనిమిది వేల ఆటలు ఆడాడు. గెలిచింది నలభై. ఈ అంకెలు మామవి. నేను చెప్పి ఉంటే గెలుపులే ఎనిమిది వేలుండేవి.

కూయా అక్కడి పని వదిలేసి ఓడలో వంటకు కుదిరాడు. వెళ్ళే రోజు మామ చేతిలో ఒకే ఒక కార్డు పెట్టాడు. కుర్రతనంలో, మొదటి జీతంతో కొన్న మొదటి కట్టలో దొరికిందట. గట్టి ప్లాస్టిక్ తొడుగులో ఉంది.

"మీ ఊర్లో గాలి ఎట్లుంటాది?" అని అడిగాడట.

"ఎండుమిరపకాయ మాదిరి" అన్నాడట మామ.

"అయితే నీ దగ్గరే పెట్టుకో. సముద్రం మీద ఉప్పుగాలికి అట్ట ఉబ్బుతుంది. నేను అడిగే దాకా ఇది అమానత్."

అమానత్ అంటే నమ్మి అప్పగించిన సొత్తు. దాన్ని వాడుకోకూడదు, అమ్మకూడదు. అప్పగించినవాడు అడిగిన రోజు ఎలా ఇచ్చాడో అలాగే తిరిగి ఇవ్వాలి. మామ ఐదు పూటలా నమాజు తప్పినా తప్పుతాడేమో గానీ, ఈ విషయంలో తప్పడు.

కరోనాకు ముందు ఏడాది ఇంటికొచ్చి పెట్టె విప్పగానే, ఫాతిమా అత్త ఆ కార్డు చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"గుడ్లగూబ! ప్రాణమున్న వాటి బొమ్మలే ఇంట్లో పెట్టగూడదంటే, పోయి పోయి గుడ్లగూబను తెస్తివా? బంగారు బిస్కత్తు తెస్తావనుకుంటి."

"ఒకరి సొత్తే, ఫాతిమా."

"ఎవురిదైనా సరే. దాన్ని అంగట్లో పెట్టుకో. కావాలంటే నువ్వు గూడా ఆడనే పండుకో."

అలా ఆ గుడ్లగూబ పంక్చర్ అంగడికి చేరింది. మామ దాన్ని దాచిన తీరు చూస్తే బ్యాంకుల వాళ్ళు లాకర్లు మూసుకుని వచ్చి ట్యూషన్ చెప్పించుకోవాలి. లారీ ట్యూబులో మంచి ముక్క చూసి కోశాడు. లోపల పొడిగా తుడిచి, దూది పరిచి, తొడుగుతో సహా కార్డును పెట్టాడు. నాలుగు అంచులూ ప్యాచ్ వేసే వేడి మిషన్ కింద బిగించి అతికించాడు. చీమ కాదు కదా, చీమ ఊపిరి కూడా దూరదు. ఏడాదికి ఒకసారి అంచు కోసి చూసుకుంటాడు. మళ్ళీ అతికిస్తాడు.

ఆయనకు ఆడటానికి తోడు దొరకడం కూడా ఒక పంక్చర్ వల్లే. స్టీఫెన్ సారు పులివెందులలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాడు. ఒకరోజు ఆయన బైకు మా మలుపులోనే చతికిలబడింది. చక్రం విప్పుతున్న మామ పక్కన, మామ కువైట్ నుంచి తెచ్చుకుని డ్రమ్ము మీద పరిచిన కార్డులు చూసి సారు నోరు తెరిచాడు. కాలేజీ రోజుల్లో ఆయన బెంగుళూరులో ఆడిన ఆటే అది. జిల్లా మొత్తం మీద ఆ ఆట తెలిసినవాళ్ళు ఇద్దరే ఉన్నారనుకుంటే, ఆ ఇద్దరినీ ఒక మేకు కలిపింది. అప్పటినుంచి ఆదివారం చర్చి అయిపోగానే సారు బైకెక్కి వచ్చేస్తాడు. చీకటి పడే దాకా ఇద్దరూ రాక్షసులను చంపుకుంటారు.

పోయినేడు కార్డు బయటికి తీసి చూసే రోజున సారు అక్కడే ఉన్నాడు. మామ రబ్బరు అంచు కోసి, తొడుగు బయటికి తీసి డ్రమ్ము మీద పెట్టాడు.

 సారు లేచి వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. వచ్చి చూసి, మళ్ళీ వెళ్ళి కడుక్కున్నాడు. మూడోసారి చేతులు గాలికి ఆరబెట్టుకుని, తొడుగును రెండు అంచుల దగ్గర వేళ్ళ కొసలతో పట్టుకున్నాడు.

నేనూ అప్పుడే దాన్ని నిజంగా చూశాను. నల్లటి ఆకాశం. మధ్యలో గుడ్లగూబ. దాని రెక్కలు బంగారు మంట. కొంచెం వంచితే ఒక ఈకనుంచి ఇంకో ఈకకు ఆ మంట పాకుతుంది. ఇంకొంచెం వంచితే కళ్ళు తెరుస్తుంది. ఎండలో నిలబడి ఉన్న నా చేతి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. రోడ్డు మీద లారీలు పోతున్నాయేమో, నాకు వినపడలేదు.

"అన్నా, ఇది నీ దగ్గర ఎట్లుండాది?" అన్నాడు సారు. గొంతు చర్చిలో ప్రార్థన చేసేటప్పటి గొంతులా ఉంది.

"నాది కాదు సారూ. ఒకాయప్ప దాచమన్నాడు, దాచినా."

"మొదటి అచ్చులోది ఇది. ప్రపంచం మొత్తానికి నూటా పదకొండే వేసినారు. మచ్చ లేకుండా మిగిలినేటివి పది గూడా ఉండవంటారు. ఫోటోలో చూడ్డమే గొప్పనుకుంటి. దీనికి ప్రొద్దుటూర్లో మేడ కట్టిస్తారన్నా."

"కట్టించనీలే. ఆ మేడ కాగితాల మీద సంతకం కూయా పెట్టాల" అంటూ మామ కార్డును రబ్బరు సంచిలో పెట్టి, అంచు అతికించి, పంక్చర్లు చూసే నీళ్ళ తొట్టిలో ముంచేశాడు.

సారు కేక ముద్దనూరు దాకా వినపడింది.

"బుడగ రాలేదు చూడు సారూ" అన్నాడు మామ నిదానంగా. "గాలి పోనిచోట నీళ్ళూ పోవు."

ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. టీ అంగట్లో ఉన్న పదహారు మందికి తప్ప.

దాంతో పంక్చర్ అంగట్లో బంగారు గుడ్లగూబ ఉందన్న మాట ఫరూఖ్ చెవిన పడింది. ఫాతిమా అత్త తమ్ముడు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ వీధిలో పేరున్న పనివాడు. ఆ వీధి వాళ్ళకు ప్రపంచంలో ఏ వస్తువైనా రెండే రకాలు: గీటురాయి మీద గీసినవి, ఇంకా గీయనివి. ఫరూఖ్ చొక్కా జేబులో ఫోనుకన్నా ముందు ఆ నల్లరాయి ఉంటుంది. కానీ వరసగా పెళ్ళి నగల పనులుండటంతో ఏడాదంతా రావడానికి తీరలేదు. సరిగ్గా మొన్నటి ఆదివారం, అక్క ఇంట్లో భోజనానికొచ్చి, అంగడికి నడిచాడు.

అది మామూలు ఆదివారం కాదు. ముందు రోజే కూయా ఫోన్ చేశాడు. వాళ్ళ ఓడ వచ్చే నెల చెన్నైకి వస్తోంది. దిగి, రైలెక్కి, ఎర్రగుంట్లలో దిగి తన గుడ్లగూబను తీసుకుపోతాడు. ఈలోగా ఒక్కసారి కళ్ళతో చూడాలని ఉందట. ఆదివారం మూడు గంటలకు వీడియో కాల్ చేస్తానన్నాడు. మామ పొద్దున్నే తలంటు పోసుకున్నాడు. పండగకు కొన్న చొక్కా వేసుకున్నాడు. రెండున్నరకు రబ్బరు కోసి, కార్డును డ్రమ్ము మీద ఉతికిన తువాలు పరిచి పెట్టాడు. స్టీఫెన్ సారు చేతులు కడుక్కోవడానికి కొళాయి దగ్గరికి పోయాడు. అప్పుడే ఎర్రగుంట్ల సిమెంటు లారీ ఒకటి ముందు టైరు పగిలి మలుపులో అడ్డంగా నిలిచిపోయింది. "ఫరూఖూ, దీన్ని చూస్తాండు" అని మామ జాకీ తీసుకుని పరుగెత్తాడు.

చూస్తాండమంటే ప్రొద్దుటూరు వాడికి అర్థం ఒకటే.

నేను డ్రైవరుకు నీళ్ళిచ్చి వెనక్కి తిరిగేసరికి కార్డు తొడుగులో లేదు. ఫరూఖ్ ఎడమ చేతిలో నల్లరాయి, కుడి చేతిలో గుడ్లగూబ. ఎంతో ఒడుపుగా, వధువు మెడలోని తాళిబొట్టును పట్టుకున్నంత మర్యాదగా, కార్డు మూలను రాయి మీద గీశాడు. ఒకటి కాదు, మూడు గీతలు.

"బావా!" అని అరిచాడు ఉత్సాహంగా. "మోసపోయినావు! బంగారం కాదు గదా, పూత గూడా కాదు. ఉత్త అట్ట!"

సారు చేతులనుంచి సబ్బు నురగ కారుతూనే ఉంది. ఆయన అలాగే నేల మీద కూర్చుండిపోయాడు. కుడివైపు పైమూల బంగారం లేచిపోయి, తెల్లటి అట్ట పీచు కనిపిస్తోంది. వేలిగోరు అంత. ఆ వేలిగోరంత చోట మేడ మొత్తం కూలిపోయిందని సారు ముఖం చూస్తే తెలిసింది.

మామ వచ్చాడు. చూశాడు. తిట్టలేదు. చేతికున్న గ్రీజు తుడుచుకున్నాడు. తుడిచిన చేతినే మళ్ళీ మళ్ళీ తుడుచుకున్నాడు.

సారు సంగతి చెప్పేసరికి ఫరూఖ్ నల్లరాయిని జేబులోకి తోసేశాడు. "బావా, నాకు రేపు సాయంత్రం దాకా టైమియ్యి. బంగారు రేకు అతికిస్తా. దేవుడు దిగొచ్చినా కనిపెట్టలేడు. నా చేతి పని నీకు తెలుసు గదా."

తెలుసు. ప్రొద్దుటూరు చేతి పని గురించి నేనే ఎన్ని కోతలు కోశానో. ఈ ఒక్కసారి అది నిజమైతే బాగుండునని నాకూ అనిపించింది.

అప్పుడే ఫోన్ మోగింది. మూడు గంటలు.

"ఆ మూల మీద బొటనవేలు పెట్టుకో బావా" అన్నాడు ఫరూఖ్ గుసగుసగా. "ఫోన్‌లో ఏం కనపడతాది? నెల టైముండాది మనకు."

మామ ఫోన్ నాకిచ్చి పట్టుకోమన్నాడు. తెరమీద తెల్ల టోపీ పెట్టుకున్న ముసలాయన. వెనక గరిటెలు అటూ ఇటూ ఊగుతున్నాయి. ఆయన సలాం చెప్పేలోపే మామ కార్డును కెమెరాకు ఆనించినంత దగ్గరగా పెట్టాడు. గుడ్లగూబను కాదు. మూలను. ఆ తెల్లటి పీచును.

తర్వాత వాళ్ళు అరబ్బీలో ఏం మాట్లాడుకున్నారో మామ మాకు తెలుగులో చెప్పాడు. అదే రాస్తున్నాను.

"నా బామ్మర్ది బంగారమనుకుని గీటురాయి మీద గీకినాడు. నేను చూసుకోవాల్సింది. తప్పు నాది" అన్నాడు మామ.

 గరిటెల చప్పుడే వినిపించింది. కూయా టోపీ తీసి, ముఖం తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఎందుకు చూపించినావు? ఈ ఫోన్‌లో నాకు కనపడేది కాదు గదా."

"కనపడదనే చూపించినా."

 రాయి ఏం చెప్పిందని ముసలాయన అడిగాడు. బంగారం కాదని చెప్పింది అన్నాడు మామ. కూయాకు నవ్వొచ్చింది. మొదట కొంచెం, తర్వాత ఆపుకోలేనంత. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్ళు ఏ రకానివో నేను చెప్పలేను. తెలియనిది చెప్పలేకపోవడం నా జీవితంలో అదే మొదటిసారి.

"ముప్ఫై ఏళ్ళు అది నా దగ్గరా నీ దగ్గరా ఉంది. ఒక్కసారైనా ఆడినామా?" అన్నాడు.

"లేదు. మాసిపోతాదని."

"ఇంకేం మాసేది లేదు గదా. నీ కట్టలో కలుపు. ఆట పరుచు."

 కూయా అవతల తన కార్డులు తీసి, కూరగాయలు కోసే బల్ల మీద పరిచేశాడు. అప్పుడు మామ తన నలభైలోనుంచి ఒకటి తీసేసి, ఆ చోట గుడ్లగూబను పెట్టి కలిపాడు.  లారీ డ్రైవరు తన టైరు సంగతి మరిచిపోయి సారు భుజం మీదుగా చూస్తున్నాడు. ఫరూఖ్ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. కట్టుకోమని ఎవరూ చెప్పలేదు.

ఏడో వంతులో అది మామ చేతికొచ్చింది. డ్రమ్ము మీద పెట్టాడు. అప్పుడే రేకుల సందులోనుంచి ఎండ పడింది. నేను కల్పించడం లేదు, సారును అడగండి. ఆ ఎండకు రెక్కల మంట లేచి అంగడి కప్పు మీద, టైర్ల మీద, మా అందరి ముఖాల మీద పాకింది. "యేసయ్యా" అన్నాడు సారు.  ఓడలోని ముసలాయన తెర దగ్గరికి వంగి, కదలకుండా, చంటిబిడ్డను చూసినట్టు చూశాడు.

ఆ తర్వాత మూడు వంతుల్లో ఆయన దాన్ని చంపేశాడు. ఇంకో రెండు వంతుల్లో మామ ప్రాణాలన్నీ పోయాయి.

ఫోన్ పెట్టేశాక ఫరూఖ్ మెల్లగా దగ్గరికొచ్చాడు.

"ఓడిపోయినావా బావా?"

"ఓడిపోయినా."

"నేను గీకినందుకేనా?"

మామ కార్డును తువాలు మీద పెట్టి, లారీ వైపు నడుస్తూ అన్నాడు: "కాదప్పా. ఆయప్ప శానా బాగా ఆడతాడు."