పలక రెండో చివర

వన్‌టౌన్‌లో కూల్చేసిన ఇంటి టేకు పలకలు కొని, మధురవాడలోని నా ఫ్లాట్‌లో నేలకి వేయించాను. పాత పలకలు వంకరపోయి ఉంటాయి. రెండు చివరలా మనుషులు నిలబడి అదిమితేనే కింది ప్లైవుడ్‌కి ఆనుతాయి, అప్పుడు స్క్రూలు బిగించాలి. ఒక చివర నేను నిలబడ్డాను.

“రెండో సివరకి ఎవుల్నైనా పిలు బాబూ. ఇంట్లో ఇంకెవులూ లేరేటి?” అన్నాడు వడ్రంగి.

ఒళ్లు మండింది. పక్క ఫ్లాట్‌వాళ్ల పేరైనా తెలీదు నాకు. గ్యాస్ సిలిండర్ దొర్లించుకొచ్చి నిలబెట్టి, “ఇదిగో మనిషి, కానియ్” అన్నాను.

బరువు చాలక ఆ పలక సరిగ్గా దిగలేదు. ఇప్పుడు ఈ చివర అడుగేస్తే ఆ చివర టక్కుమంటుంది. ఎవరో వచ్చారని తిరిగి చూస్తాను. వచ్చి బిగిస్తానని వడ్రంగి రెండుసార్లు ఫోన్ చేశాడు. వద్దన్నాను.