దస్తీ వేసిన సీటు

మా చిన్నప్పుడు... కొండాపూర్‌లో పొద్దున బస్సు వచ్చిందంటే పెద్ద యుద్ధమే. అది ఆగకముందే కిటికీల్లోంచి సీట్ల మీద దస్తీలు, అదే చేతిరుమాళ్లు, పడేవి. దస్తీ ఎవరిదైతే సీటు వాళ్లది... దాన్ని తీసి కూర్చునే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

మా సుజాతత్త, అంటే నాన్న చెల్లెలు, ఆ బస్సులోనే కాలేజీకి పోయేది. స్కూలుకి నేనూ ఆమెతోనే. మా వెనక గదిలో కిరాయికి ఉండే భీమవరం ఆయన మాదాపూర్‌లో కొత్తగా లేస్తున్న బిల్డింగుల దగ్గర సూపర్‌వైజరు. రోజూ దస్తీ వేసి సీటు ఆపేవాడు. అత్త రాగానే దస్తీ జేబులో పెట్టుకుని, తను మాత్రం ఫుట్‌బోర్డు మీద వేలాడేవాడు. అత్త ఒళ్లో కూర్చునే నాకే సంగతి అర్థమైపోయింది...

పెళ్లి మాట ఎత్తగానే పెద్దనాన్న ఇల్లు పీకి పందిరేశాడు. "పని అయిపోంగనే సామాన్లు సదురుకొని పోతడు. ఇగ దీన్ని ఎవడు చూస్తడు?"

నాన్న ఒక్కడే అత్త పక్కన నిలబడ్డాడు. అమ్మతో పీటల మీద కూర్చుని తనే కన్యాదానం చేశాడు. ఆ ఒక్క తప్పుకి... అవును, తప్పే అన్నారు... పెద్దనాన్న మళ్లీ తమ్ముడితో మాట్లాడలేదు. నాన్న దవాఖానలో ఉన్నప్పుడు కూడా చూడ్డానికి రాలేదు. నాన్న అలాగే పోయాడు.

మొన్న ఆదివారం అత్తావాళ్ల ఇరవై ఐదో పెళ్లిరోజు ఫంక్షను. పెద్దనాన్న మైకు అందుకున్నాడు. "గీ లగ్గం నేనే దగ్గరుండి చేసిన."

హాలంతా చప్పట్లు. నాకు ఒళ్లు మండిపోయింది. లేవబోతే అత్త నా చెయ్యి పట్టుకుని "ఊకో బిడ్డా" అంది. ఎందుకు ఊరుకోవాలి? మా నాన్న మాట పడి చేసిన పెళ్లిని ఈయన చప్పట్ల కోసం ఎత్తుకుపోతుంటే...

స్టేజీ దిగి, దర్జాగా ముందు వరసలో అమ్మ పక్క కుర్చీ దగ్గరికి వచ్చాడు. కుర్చీలో మడత పెట్టిన దస్తీ ఒకటి ఉంది. దాన్ని తీయబోతుంటే భీమవరం మామయ్య వచ్చి నెమ్మదిగా అన్నాడు.

"ఆ సీటు చిన్న బావగారిదండి."

పెద్దనాన్న వెనక వరసలోకి పోయాడు. ఫంక్షను అయ్యేదాకా ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు.

ఇప్పుడు మా కొండాపూర్‌లో ఫోన్ నొక్కితే గుమ్మం ముందుకే క్యాబు... దస్తీ వేసే పనే లేదు. లేనివాళ్ల చోటు కూడా ఆపి ఉంచే మనుషులే తగ్గిపోయారు. పెళ్లికి మొహం చాటేసి, ఫొటోలకి ముందుకొచ్చే పెద్దమనుషులు మీ ఇళ్లల్లోనూ ఉన్నారా? ఉంటే రాయండి... నా కోపం ఇంకా చల్లారలేదు.