నా పిల్లికళ్ళు ఎవరివి

మొన్న పక్కింటి బాలింత కోసం వాళ్ళమ్మ ఆముదంలో వత్తి వెలిగించి, పైన ఇత్తడి పళ్ళెం బోర్లించి కాటుక మసి పడుతుంటే, ఆ ఘాటు గోడ దాటి మా వంటింట్లోకి వచ్చింది. అందరికీ ఆ వాసన పండుగలా ఉంటుందట. నాకు మాత్రం ఏనాడో పడ్డ మాటలన్నీ ఒక్కసారిగా మండాయి.

సికింద్రాబాదు రెజిమెంటల్ బజారులో, నాయన ట్రంకుపెట్టెల దుకాణం వెనక మా ఇల్లు. ఇంట్లో అందరివీ నేరేడుపళ్ళ లాంటి కళ్ళు, నావి ఒక్కదానివే తడిసిన బూడిద రంగు. పొద్దున్నే జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టకముందే నాయనమ్మ నన్ను మోకాళ్ళ మధ్య బిగించి, కనురెప్పలు విడదీసి, గుడ్డు మీదికి పోయేంత కాటుక దిద్దేది. రోజూ పెడితే నలుపు లోపలికి ఇంకుతుందని ఆమె నమ్మకం. "జెర ఓపిక వట్టు, నల్లగైతయ్" అనేది. కన్నీళ్ళతో చెంపల నిండా మసి కారేది గానీ, కళ్ళు ఎట్లా ఉన్నవి అట్లాగే ఉండేవి. దాగుడుమూతల్లో పిల్లలు నన్ను చేర్చుకునేవాళ్ళు కాదు, పిల్లికళ్ళది చీకట్లో కూడా చూస్తుందని. నాకు చీకట్లో గడప కూడా కనిపించేది కాదు, కానీ ఎవరు విన్నారు?

తెల్ల సిపాయిలు దేశం విడిచిపోయేదాకా మా దుకాణం ముందు నుంచే నడిచిపోయేవాళ్ళు, ట్రంకులు కొనేవాళ్ళు. అందుకే మా మేనత్త వచ్చినప్పుడల్లా నా గడ్డం పట్టి పైకెత్తి, అమ్మకు వినబడేలా, "ఏమో వదినె, పిల్లకు లష్కర్ గాలి తగిలినట్టుంది" అని నవ్వేది. పిండి పిసుకుతున్న అమ్మ చెయ్యి ఆగిపోయేది. లష్కర్ అంటే ఆ సిపాయిల దండు; నేను ఆ మాటను నిజంగా గాలి అనుకున్నాను. దండు వైపు నుంచి గాలి వీస్తే ముక్కుకు గుడ్డ కట్టుకుని, అమ్మ కొంగు కూడా ఆమె ముక్కుకు అడ్డం పెట్టేదాన్ని. అమ్మ నా చెయ్యి తీసేసి ఏడ్చేది. ఎందుకు ఏడ్చిందో, నేను చేసిన తప్పేమిటో తెలిసేది కాదు. ఏ చిన్న గొడవైనా నాయనమ్మ చివరికి అమ్మతో ఒకే మాట అనేది: "నా కొడుకుతోని చెప్పి నిన్ను మీ అమ్మగారింట్ల ఇడిచిపెట్టిస్త." నాయన అప్పుడు ఇంకా గట్టిగా రేకు మీద సుత్తి కొట్టేవాడు. ఆ చప్పుడును కూడా నేను క్షమించలేదు.

తెల్లవాళ్ళు పోయిన మరుసటి ఏడు, వానలు పోతూ పోతూ ఉండగా, నిజాం మీదికి యూనియన్ ఫౌజు వచ్చింది. పోలీస్ యాక్షన్ అన్న పేరు మాకు తర్వాత తెలిసింది. ఎవరు గెలిచారో, ఎవరికి భయపడాలో అర్థంకాక బజారంతా తలుపులు సగం తెరిచి నిలబడింది. లారీలు పోయిన మర్నాడు, జిల్లా నుంచి నడిచి, బండెక్కి, మళ్ళీ నడిచి, నెత్తిన మూటతో ఒక ముసలాయన తడిసి ముద్దయి మా గడపలో నిలబడ్డాడు. నాయనమ్మ సొంత తమ్ముడు. నాయన పెళ్ళికి ముందే పొలం గట్టు దగ్గర తగాదా వచ్చి మాటలు పోయాయట. ఆయన పేరు మా ఇంట్లో నేను ఎన్నడూ వినలేదు.

ఆయన రుమాలు విప్పి మొహం తుడుచుకుని నన్ను చూశాడు. నేను ఆయన్ని చూశాను. తడిసిన బూడిద రంగు.

"అక్కా! మన నాయిన కండ్లు నాకొక్కనికే అచ్చినయనుకున్న, గీ పోరికి సుత అచ్చినయే!" అని ఆయన చంటిపిల్లాడిలా నవ్వాడు.

గుమ్మం దగ్గర అమ్మ చెంబు పట్టుకుని నిలబడింది. నాయనమ్మ ఆమె వైపు చూడలేదు. తమ్ముడి మూట దించుతూ, "మా ఇంటి కండ్లు. యాడికి పోతయ్?" అంది. అంతే. తమ్ముడి మీది పంతం కోసం అన్నేళ్ళు అమ్మ మీద ఆ నింద ఉండనిచ్చిన మనిషి, ఒక్క పూటలో నా కళ్ళు తనవి చేసుకుంది. ఆ బతుకమ్మకు నన్ను చంకన వేసుకుని, "మా నాయిన కండ్లు" అని వాడంతా చూపించింది, రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు ముందు నాకే పెట్టింది. కాటుక మానేసింది. అమ్మకు ఒక్క మాట కూడా చెప్పలేదు. మేనత్త అయితే తను ఎన్నడూ ఏమీ అననట్టే వచ్చి పోయింది.

నాకు మాత్రం తిక్క పట్టుకుంది. నల్లకళ్ళ నాయనమ్మను, నల్లకళ్ళ నాయనను దాటి ఆ కళ్ళు నా దాకా ఎట్లా వచ్చాయి? "నీ లోపట ఉండెనా నాయినా?" అని నాయనను అడిగితే, "నాకేమెర్క బిడ్డా" అన్నాడు. ఎన్నో ఏళ్ళకు, నా వెనక పుట్టిన తమ్ముడు సైన్సు పాఠం చదువుతుంటే పక్కన కూర్చుని విన్నాను: కొన్ని గుణాలు బయటికి కనబడకుండానే తరం దాటుతాయి, కానీ పైకి తేలాలంటే తండ్రి ఒక పాలు, తల్లి ఒక పాలు, ఇద్దరూ ఇవ్వాలి. అంటే సగం అమ్మది! నాయనమ్మ మొత్తం తన పుట్టింటికే ఊడ్చుకుపోయింది. ఈ సంగతి ఆమెకు చెప్పి తీరాలనుకున్నాను, అప్పటికే ఆమె లేదు. ఇప్పుడు మా మనవరాలేమో, కంటి రంగు అంత తేలిక లెక్క కాదు అమ్మమ్మా, చాలా కలిస్తే గానీ తేలదు అంటుంది. మళ్ళీ మొదటికొచ్చింది నా పరేషాన్.

అమ్మ ఉండగానే ఒకసారి అడిగాను, మీ వైపు ఎవరికైనా ఇట్లాంటి కళ్ళు ఉండేవా అని. అమ్మ, "మా ఇంట్ల ఆడోళ్ళం తల వంచుకునే ఉంటిమి బిడ్డా. ఎవ్వరి కండ్లు ఎవ్వరు జూసిండ్రు?" అంది.

ట్రంకు దుకాణం ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు. లష్కర్ గాలి అన్న మాట తెలిసినవాళ్ళే లేరు, నేను లెంపలేసుకోమని అడగదలచిన వాళ్ళూ లేరు. శుక్లాల ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ నా కళ్ళలోకి లైటు వేసి, "భలే రంగండీ, ఎవరి పోలిక?" అంది.

"మా అమ్మ పోలిక" అన్నాను. తెలిసి కాదు. ఎవరు అడిగినా అదే చెప్తాను.